ముప్ఫై అడుగుల ఆర్వీ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్వీ గారికి,

మేమందరం క్షేమంగా ఇల్లు చేరాం. మీరు కూడా లాస్ వేగస్‌లో మోటార్‌హోములు అద్దెకిచ్చే మీ యార్డుకు చేరి, ఈపాటికి ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకుని మళ్లీ యూటా వైపు బయల్దేరి ఉంటారని తలుస్తాను. ఆ కుటుంబం మనవాళ్లదే అయినా నేను ఆశ్చర్యపోను. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరం ఒకే బండిలో తిరుగుదామనుకునే తెలుగిళ్లలో ముందు వినబడే పేరు మీదే. అందుకే ఈ ఉత్తరాన్ని మీ ఒక్కరికి కాకుండా పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ముందు మీరు చేసిన మేలు చెప్పుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అర్ధరాత్రి టార్చి పట్టుకుని బాత్రూమ్ వెతుక్కోవలసిన అవస్థ తప్పించారు. దారిలో ఎక్కడ ఆకలేస్తే అక్కడ పక్కకు ఆపి, పెరుగన్నం కలుపుకుని ఆవకాయ నంజుకుని తిన్నాం. మధ్యాహ్నం నాన్న నడుం వాల్చడానికి మంచం ఇచ్చారు. డ్రైవరు సీటు పైనున్న అటకను పిల్లలు తమ రాజ్యం చేసుకున్నారు. ఊరు మారినప్పుడల్లా సూట్‌కేసులు మొయ్యడం, హోటల్లో టిఫిన్ ఏముంటుందోనని అమ్మ బెంగపడటం, ఇవేవీ లేవు. వీటిలో ఒక్కటి కూడా నేను మరచిపోలేదు.

మేమూ మీకు లోటు చెయ్యలేదు. కొత్త అల్లుడికి చేసినట్టు చేశాం. గ్యాలన్‌కు పది మైళ్లు రావడమే గొప్పయిన మీకు అడిగినప్పుడల్లా ట్యాంకు నింపాం. ఎక్కడ ఆగినా మీరు సమంగా నిలబడ్డాకే మేం కుదురుకున్నాం. మా ఆయన మీ చక్రాల కింద ప్లాస్టిక్ పలకలు పేర్చేవారు. నాన్న లోపల గట్టు మీద పళ్లెంలో నీళ్లు పోసి, అవి ఎటు జారుతున్నాయో చూసి, "ఎడమ వైపు ఇంకో పలక వెయ్యండల్లుడుగారూ" అని కిటికీలోంచి చెప్పేవారు. ఇక డంప్ స్టేషన్ దగ్గర చేసిన చాకిరీ వేరు. చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, మూడంగుళాల గొట్టం బిగించి, ముందు మరుగుదొడ్డి మురుగున్న బ్లాక్ ట్యాంకు వదలాలి. తర్వాత గిన్నెలు కడిగిన నీళ్లున్న గ్రే ట్యాంకు వదిలి, ఆ నీళ్లతోనే గొట్టం కడగాలి. మళ్లీ మూతలన్నీ బిగించాలి. ఆ పనంతా మా ఆయన ఒక్కసారి కూడా విసుక్కోకుండా చేశారు. ఇంత చేయించుకున్నవారు మా మాట కూడా కొంచెం వింటారని ఆశపడ్డాం.

నా మొదటి ఫిర్యాదు మీ పొడవు గురించి.

ఈ ప్రయాణానికి మజిలీలు వెతికింది నేను. యూటా దక్షిణాన జయాన్, బ్రైస్ కాన్యన్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ అని ఐదు జాతీయ పార్కులున్నాయి. పొద్దున్న తలుపు తీయగానే ఏ కొండ కనబడుతుంది, సూర్యాస్తమయానికి అమ్మ నడవగలిగేంత దూరంలో లోయ అంచు ఏదైనా ఉందా, రాత్రి పడుకుంటే ఏరు వినబడుతుందా, నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేద్దామని ఎక్కడ కూర్చున్నా ముందు అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే: వాహనం పొడవు ఎన్ని అడుగులు? ముప్ఫై అని నింపగానే నేను గుర్తుపెట్టుకున్న చోట్లు ఒక్కొక్కటే జాబితాలోంచి పోయేవి. కాన్యన్‌ల్యాండ్స్‌లో ఐలండ్ ఇన్ ద స్కై అనే పీఠభూమి మీద పన్నెండే సైట్లున్న చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది. రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారిదే చోటు. గ్రీన్ నది లోయను పైనుంచి చూసే అంచు అక్కడికి దగ్గరే. నీళ్లుండవు, కరెంటుండదు, వాటికి మేం సిద్ధమే. అక్కడి వాహన పరిమితి 28 అడుగులు. రెండడుగులు, ఆర్వీ గారూ! రెండడుగుల కోసం ఆ అంచు మీద తెల్లవారడం చూసే అవకాశం మా అమ్మానాన్నలకు పోయింది.

ఆ కొలతలు ఎవరో మీ మీద కక్షతో పెట్టినవనుకోకండి. వాటి వెనక ఒక కథ ఉంది, మీకు ఎవరూ చెప్పి ఉండరు. కార్లు కొత్తగా అడవుల్లోకి వచ్చిన రోజుల్లో ఎవరికి తోచిన చెట్టు కింద వాళ్లు బండి తిప్పి నిలిపేవారు. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో నేల అలా గట్టిపడి, వేళ్లకు గాలీ నీరూ అందక మహావృక్షాలే నీరసిస్తున్నాయని ఎమీలియో మైనెకె అనే మొక్కల వ్యాధుల శాస్త్రవేత్త గమనించాడు. ఆయన 1930ల మొదట్లో ఒక పద్ధతి సూచించాడు. చుట్టూ తిరిగి వచ్చే వన్‌వే బాట, దాని పక్కన ఒక్కో కుటుంబానికీ ఒక కారు పట్టేంత చిన్న పాయ, కారు దాటి పోకుండా బండరాళ్లు. 1933లో మొదలైన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్లు దేశంలో ఎన్నో చోట్ల ఆ తీరులోనే క్యాంప్‌గ్రౌండ్లు కట్టారు. ఆ పాయలు ఆనాటి కారుకూ ఒక డేరాకూ సరిపోయేవి. మీవంటి మోటార్‌హోములు విన్నెబాగో ఫ్యాక్టరీలోంచి రావడం మొదలైంది 1966లో. ముందు చెట్టుంది, తర్వాత బాట వచ్చింది, మీరు ఆఖరున వచ్చారు. చెట్టు వేళ్ల కోసం వేసిన మలుపును మీకోసం వెడల్పు చెయ్యమని నేనెవరినీ అడగను. మీరు కురచగా వస్తే చాలంటాను.

మీ ఎత్తూ వెడల్పూ కూడా తక్కువ ఇబ్బంది పెట్టలేదు. జయాన్ నుంచి బ్రైస్‌కు దగ్గరి దారి మౌంట్ కార్మెల్ సొరంగం గుండా. మైలు పొడవు మించిన ఆ సొరంగం 1930లో పూర్తయింది. కొండను లోపల్లోపలే తొలుచుకుంటూ వెళ్లి, మధ్యమధ్యలో లోయ వైపు కిటికీలు తెరిచారు. ఆర్ అండ్ బీలో రోడ్లు వేయించి రిటైరైన మా నాన్న ఈ దేశంలో చూడాలనుకున్న వాటిలో అదొకటి. 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ ఉంటే తన లైనులో వెళ్లడానికి కుదరదు. మేం వెళ్లినప్పటి నియమం ప్రకారం పర్మిట్ కట్టాలి, రేంజర్లు అటునుంచి వచ్చేవాళ్లను ఆపాలి, అప్పుడు నడిమధ్యగా వెళ్లాలి. మీరు రెండు లెక్కల్లోనూ దాటారు. మా ఒక్కరి కోసం అవతల అన్ని కార్లు ఆగి ఉండటం చూసి నాన్న చేతులు జోడించారు. ఇప్పుడు ఆ వెసులుబాటు కూడా ఎత్తేసి, 2026 వేసవి నుంచి పెద్ద బళ్లను ఆ దారిలోకే రానివ్వకూడదని పార్కు నిర్ణయించింది. అంటే ఇకమీద మీతో వచ్చేవాళ్లు జయాన్‌లో ఎక్కడ దిగాలో ఎంచుకునేటప్పుడే, అక్కడి నుంచి బ్రైస్‌కు ఎటు చుట్టు తిరిగి వెళ్లాలో కూడా లెక్కేసుకోవాలి. ఈ సంగతి మీరు మీ డాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోవాలి.

ఇక కరెంటు. జయాన్ లోపల వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో వర్జిన్ నది చేరువనే కరెంటున్న సైట్లున్నాయి. ఆరు నెలల ముందు బుకింగ్ తెరుచుకున్న పొద్దునే వాటికోసం దేశమంతా కాచుకుని ఉంటుంది. అక్కడ చోటు దొరకనివాళ్లు, మీ అవసరాలు తీరాలంటే, బయటి ఊళ్లో ఫుల్ హుకప్ ఉన్న ప్రైవేటు పార్కుకు పోవాలి. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ సైటు దగ్గరే ఉంటాయి. మేమూ అలాగే పోయాం. ఇలాంటి పార్కుల మీద నాకు చిన్నచూపు లేదు. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో యెల్లోస్టోన్ నది ఒడ్డున కేఓఏ అనే సంస్థ వాళ్లు తమ మొదటి క్యాంప్‌గ్రౌండ్ పెట్టింది దారిన పోయే కుటుంబాలకు వేడినీళ్లూ కాస్త చోటూ ఇవ్వడానికే. బట్టలు ఉతుక్కోవడానికి, పిల్లలకు తలంట్లు పొయ్యడానికి, ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి నాలుగైదు రోజులకొకసారి అలాంటి చోటు ఉండాల్సిందే. కానీ ప్రతి రాత్రీ అక్కడే ఉందామంటారే మీరు, దానితోనే నాకు పేచీ.

ఆ ఊళ్లో మా మజిలీ ఒక కంకర మైదానం. ఒక వైపు హైవే. ఇంకో వైపు, మేం చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, పక్క ఆర్వీ వాళ్ల పడకగది కిటికీ. రాత్రంతా లారీలు గేరు మార్చే చప్పుడు. నాన్న లేచి కూర్చుని, "ఏమ్మా, ఇంత దూరం వచ్చింది లారీల స్టాండులో పడుకోవడానికా?" అన్నారు. ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది. ఆ పార్కు ప్రకటనలో ఎర్రకొండల ఫొటోలే ఉన్నాయి. అందుకే ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఫొటోలు పక్కన పెట్టి శాటిలైట్ మ్యాప్ చూడమంటున్నాను. హైవే ఎంత దూరం, రైలు పట్టాలున్నాయా, సైటుకూ సైటుకూ మధ్య చెట్టు నీడ కనబడుతోందా, ఇవి పైనుంచి చూస్తేనే తెలుస్తాయి.

సరే, అంత త్యాగం చేసి కరెంటు ఇప్పిస్తే మీరు చేసిందేమిటి? మీ ప్లగ్గు 30 ఆంప్స్‌ది. 120 వోల్టుల దగ్గర అది 3,600 వాట్లు. ఎండకు తాళలేక ఏసీ వేస్తే అందులో సగానికి దగ్గరగా అదే తాగేస్తుంది. పొద్దున్నే అమ్మ ఇండక్షన్ స్టవ్ మీద పెనం పెట్టింది. ముందురోజు రాత్రి నానబోసిన పెసలు రుబ్బి ఉన్నాయి. మొదటి అట్టు వేసి, ఉల్లిపాయలు చల్లి, అది కాలేలోపు అల్లం పచ్చడి తిప్పుదామని మిక్సీ నొక్కింది. టప్‌మని బ్రేకర్ పడిపోయింది. ఏసీ ఆగింది, స్టవ్ ఆగింది, అట్టు పెనానికి అంటుకుపోయింది. బ్రేకర్ పెట్టె ఎక్కడుందో మేం వెతుకుతుంటే అమ్మ పెనం పట్టుకుని నిలబడి, తానేదో పాడుచేసినట్టు "నేనేం ముట్టుకోలేదే" అంది. డెబ్బై ఏళ్ల మనిషిని తన వంట దగ్గరే భయపెట్టారు మీరు. దీనికి మీ సమాధానం ఏమిటో నాకు కావాలి.

బ్రైస్‌లో మీరు చేసింది ఇంతకన్నా పెద్దది. అక్కడి నార్త్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తున, పాండెరోసా పైన్ చెట్ల మధ్య ఉంటుంది. హుకప్‌లు లేవు. లోయ అంచుకు నడిచి పోవచ్చు. సాయంత్రం అమ్మ నా భుజం పట్టుకుని నెమ్మదిగా అంచు దాకా వచ్చి, ఆ ఎర్రటి రాతి స్తంభాల గుంపు మీద వెలుగు దిగిపోయేదాకా కదల్లేదు. మనసు నిండిపోయి వచ్చి పడుకున్నాం. సెప్టెంబరు చివరి రాత్రి, బయట గడ్డకట్టే చలి. హీటరు వేశాం. అది ప్రొపేన్‌తో మండేదైనా, దాని ఫ్యాను తిరగాలంటే మీ బ్యాటరీయే దిక్కు. తెల్లవారకముందే ఆ బ్యాటరీ చేతులెత్తేసింది. హీటరు ఆగిపోయింది, గ్యాస్ అలారం మాత్రం కీచుకీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. రాత్రిపూట జనరేటరు వెయ్యకూడదన్నది పార్కు నియమం, అది న్యాయమైన నియమం. కాబట్టి ఉన్న దుప్పట్లన్నీ అమ్మానాన్నల మీద కప్పి, పిల్లల్ని మా మధ్య పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. బయల్దేరేముందు యార్డులో ఆ బ్యాటరీ బాగుందని చెప్పించింది మీరే కదా?

ఆ ఒక్క రాత్రితో పోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. అసలు దెబ్బ ఫ్రూటాలో తగిలింది.

బ్రైస్ నుంచి హైవే 12 మీద వచ్చాం. ఎస్కలాంటే, బౌల్డర్ ఊళ్ల మధ్య ఆ రోడ్డు ఒక సన్నటి రాతి వెన్ను మీదుగా పోతుంది. రెండు వైపులా లోయలే. మా ఆయన ఒక్క మాట మాట్లాడకుండా నడిపారు. ఆ తర్వాత ఆస్పెన్ చెట్లు పసుపురంగు తిరిగిన బౌల్డర్ కొండ దాటి క్యాపిటల్ రీఫ్‌లోకి దిగాం. అక్కడ ఫ్రీమాంట్ నది పక్కన, ఎర్రటి కొండగోడల మధ్య, పందొమ్మిదో శతాబ్దపు చివరలో వచ్చి స్థిరపడిన మోర్మన్ కుటుంబాలు పళ్లతోటలు వేశాయి. ఊరు వెళ్లిపోయింది గానీ తోటలు ఉన్నాయి, పార్కువాళ్లు కాపాడుతున్నారు. ఆ తోటల నడుమే ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్. డెబ్బై ఒక్క సైట్లు, హుకప్‌లు లేవు. పళ్లు కోయనిచ్చే కాలంలో తోటలోకి వెళ్లి ఎన్ని తిన్నా డబ్బులక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లేవి మాత్రం తూచి డబ్బు వెయ్యాలి. నాన్న ఒక కొమ్మ వంచి ఆపిల్ కోసి, పంచెకు తుడిచి, కొరికి చూసి మనవరాలి చేతిలో పెట్టారు. సాయంత్రం లేళ్లు వచ్చి మా సైటు పక్క గడ్డి మేశాయి. క్యాపిటల్ రీఫ్‌కు 2015లో డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది. ఆ రాత్రి పాలపుంతను చూపించి, తన చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే ఇలాగే కనబడేదని నాన్న చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఈ ప్రయాణం మొత్తం ఆ రాత్రి కోసమే. రెండో రాత్రికి కూడా అదే సైటు మాదే.

మీరు ఉండనివ్వలేదు. పొద్దునకు బ్యాటరీ మళ్లీ అదే తంతు. యార్డుకు ఫోన్ చేస్తే, కరెంటున్న చోట రాత్రంతా ప్లగ్గు పెట్టి ఛార్జ్ చెయ్యండి, లేకపోతే ముందుకు పోవడం మంచిది కాదన్నారు. నెలల ముందు నేను కాచుకుని సంపాదించిన సైటు ఖాళీగా వదిలేసి, పిల్లలు బతిమాలుతున్నా వినకుండా బండి కట్టాం. మళ్లీ ఒక కంకర మైదానం, మళ్లీ ఒక కరెంటు పెట్టె, పక్కవాళ్లు కట్టుకున్న రంగు దీపాల తోరణం. ఆకాశం కనబడలేదు. అమ్మానాన్నలు మళ్లీ ఆ తోటకు వస్తారో రారో నాకు తెలియదు. బ్యాటరీ మార్చడానికి డబ్బు లెక్క కట్టి మిగిల్చిన ఆ కాసిని డాలర్లతో ఆ రాత్రిని నాకెవరు తెచ్చిస్తారు?

మీరు ఒకచోట నాటుకుపోతే కదలరన్న సంగతి కూడా చెప్పాలి. గొట్టం తీసి, ప్లగ్గు పీకి, బయటికి సాగిన స్లైడు గదిని లోపలికి లాగి, గిన్నెలన్నీ సర్దితే గానీ మీరు అడుగు వెయ్యరు. ఆర్చెస్‌లో తెల్లారుజామునే వెళితే తప్ప పార్కింగ్ దొరకదు. ఆ వేళకు మిమ్మల్ని లేపి బయల్దేరదీయడం ముసలివాళ్లతో అయ్యే పని కాదు. మీ వెంట ఒక చిన్న కారైనా ఉండాలని యార్డులో ఒక్కరూ మాకు చెప్పలేదు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే మీకూ మాకూ సరిపడిన చోటు ఒకటుంది. మోయాబ్ దగ్గరి డెడ్ హార్స్ పాయింట్. అది యూటా రాష్ట్ర పార్కు, బుకింగ్ నాలుగు నెలల ముందు తెరుస్తారు. సైట్ల దగ్గర కరెంటుంది. నీళ్లు మాత్రం కొండ మీదికి లారీల్లో తెచ్చుకుంటారు, కాబట్టి మోయాబ్‌లోనే మీ ట్యాంకు నింపుకుని ఎక్కాలి. కొలరాడో నది రెండు వేల అడుగుల కింద వంపు తిరిగే చోటు దాకా మంచి బాట ఉంది. అమ్మ కర్ర సాయంతో వెళ్లి వచ్చింది. ఏసీ నడిచింది, అట్లు కాలాయి, చీకటి కూడా చీకటిగానే ఉంది. అలాంటి చోట్లు ఉన్నాయని తెలిశాక, మిగతా రాత్రుల గురించి నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

వచ్చే ఏడాది మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఈసారి మీ యార్డుకు ముందు ఫోన్ చెయ్యను. ముందు ఫ్రూటాలో సైటు, ఆ తర్వాత బ్రైస్‌లో అంచుకు దగ్గరగా ఇంకోటి, ఆ తర్వాత డెడ్ హార్స్ పాయింట్, వాటి తారీఖులు చేతికొచ్చాకే బండి మాట. 25 అడుగులు దాటని మీ తమ్ముడెవరైనా ఉంటే, కొత్త బ్యాటరీ వేసి, నా కళ్ల ముందు ఒక రాత్రి హీటరు నడిపి చూపించి పంపండి. కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పండి. కారు మీద రెండు డేరాలు వేసుకుని పోతాం, అత్తగారికి చలేస్తే ఆ రాత్రికి ఊళ్లో గది తీసుకుంటాం. జవాబు డిసెంబరులోపు రాయవలసిందిగా కోరుతున్నాను. మార్చిలోనే సెప్టెంబరు సైట్లు తెరుస్తారు.

ఇట్లు,
మీ ట్యాంకులు నింపి, ఖాళీ చేసిన కుటుంబం తరఫున,
మజిలీలు వెతికిన ఇల్లాలు